గన్నేరు తిని... రెక్కలు తొడిగి!

సైబరాబాద్‌లో చీకటి పడ్డాక డ్యూటీ ఎక్కేది కాల్‌సెంటర్ కుర్రాళ్లే కాదు, ఓ ఆకుపచ్చ చిమ్మట కూడా!

1998లో సైబర్ టవర్స్ మొదలయ్యాక మాదాపూర్, కొండాపూర్‌ల రూపే మారిపోయింది. రాళ్లగుట్టల చోట అద్దాల మేడలు లేచాయి. వాటి చుట్టూ గన్నేరు, నందివర్ధనం, బిళ్లగన్నేరు మొక్కలు వెలిశాయి. మేకలు కూడా ముట్టని గన్నేరాకు ఈ చిమ్మట పిల్లలకు మాత్రం విందు భోజనం. అందుకే దీని పేరు ఓలియాండర్ హాక్ మాత్. ఓలియాండర్ అంటే గన్నేరు, హాక్ అంటే డేగ. డేగలా రివ్వున దూసుకుపోతుంది మరి! ఆఫ్రికా నుంచి ఎగురుకుంటూ వేసవిలో ఐరోపా దాకా వెళ్లే చిమ్మటలూ వీటిలో ఉన్నాయి.

రెక్కలు చాపితే 9 నుంచి 11 సెంటీమీటర్లు. ముదురాకుపచ్చ, లేతాకుపచ్చ, తెలుపు, గులాబీ కలగలిసిన చారలతో అచ్చం సైనికుల యూనిఫాంలా ఉంటుంది. పగలు ఆకుల్లో కూర్చుంటే పక్కనే ఉన్నా కనిపించదు. పొద్దుగూకాక పూల ముందు గాల్లోనే నిలబడి, గొట్టంలాంటి నాలుకతో తేనె పీలుస్తుంది.

తల్లి చిమ్మట ఆకుల మీద లేతాకుపచ్చ గుడ్లు విడివిడిగా పెడుతుంది. పుట్టినప్పుడు పసుపుపచ్చగా, మూడు నాలుగు మిల్లీమీటర్లే ఉండే గొంగళిపురుగు, తిని తిని ఆకుపచ్చగా మారి ఏడెనిమిది సెంటీమీటర్లకు పెరుగుతుంది. తోక దగ్గర చిన్న కొమ్ము, తల వెనక రెండు నీలి 'కళ్లు'! నిజానికి అవి కళ్లు కావు, మచ్చలు. పిట్ట దగ్గరికొస్తే తల ముడుచుకుని ఆ మచ్చల్ని ఉబ్బించి బెదరగొడుతుంది. ఎదిగాక గోధుమరంగుకు తిరిగి, నేలకు దిగి, రాలిన ఆకుల మధ్య ప్యూపాగా మారుతుంది. కొన్నాళ్లకు రెక్కలతో బయటికొస్తుంది.

అపార్ట్‌మెంట్లలో దీనికి చిక్కంతా ఇక్కడే. కొమ్ము చూసి కుడుతుందేమోనని మందు కొట్టేస్తారు. ఆకులు ఊడ్చి తగలబెడితే వాటితోపాటు ప్యూపా కూడా కాలిపోతుంది. రాత్రంతా వెలిగే దీపాలు ఎగిరే చిమ్మటల దారి తప్పిస్తాయి. ఆ కొమ్ము కుట్టదు, కరవదు. ఆకులు కొరికేసినా మొక్క సాధారణంగా మళ్లీ చిగురిస్తుంది. పురుగులు మరీ ఎక్కువైతే పుల్లతో తీసి మరో గన్నేరు మీద వదిలితే సరి. గన్నేరు మాత్రం మనుషులకు విషమే. ముట్టుకుంటే చేతులు కడుక్కోవాలి, పిల్లలు నోట్లో పెట్టుకోకుండా చూడాలి.

ఈసారి గన్నేరు మొదట్లో నాలుగు ఎండుటాకులు ఊడ్వకుండా వదిలేయండి. వాటి కింద ఓ ఆకుపచ్చ యూనిఫాం సిద్ధమవుతూ ఉండొచ్చు!