సెంజి కోటలో నీళ్లెక్కడివి?

పొంగల్ సెలవుల్లో మా అవ్వతో కలిసి సెంజి కోట చూసి వచ్చాను. తిండివనంలో తిరువణ్ణామలై బస్సెక్కితే గంటలోపే సెంజి వస్తుంది. ఊరు దాటగానే రోడ్డు కోటలోనుంచే పోతుంది. ఒకవైపు రాజగిరి, ఇంకోవైపు కృష్ణగిరి, దూరంగా చంద్రగిరి. ఈ మూడు కొండలనూ కలిపి సుమారు 13 కిలోమీటర్ల గోడ కట్టారు. చుట్టూ వరి మళ్లు, వేరుశనగ చేలు.

అవ్వకు మోకాళ్ల నొప్పులు. కొండ కింద కల్యాణ మహల్ దగ్గర చెట్టు నీడలో కూచుంది. నేను రాజగిరి ఎక్కబోతుంటే, "అంత ఎత్తున సైన్యం ఉండిందంటావే, వాళ్లకు తాగే నీళ్లు ఎట్లా పాపా?" అని అడిగింది. చిన్నప్పుడు కపిల తోలిన ఇంట్లో పెరిగిన మనిషి, ముందు నీళ్ల సంగతే అడుగుతుంది. నాకు జవాబు తెలియలేదు. ఆ ప్రశ్న మనసులో పెట్టుకొనే ఎక్కాను.

రాజగిరి సుమారు 800 అడుగుల ఎత్తు. అంతా బండ. కొనకు చేరేముందు ఒక లోతైన చీలిక అడ్డం వస్తుంది. దాని మీద చిన్న వంతెన ఉంది. వెనకటికి అది తీసేసే వీలున్న కొయ్య వంతెన. దాన్ని తీసేస్తే కొద్దిమంది ఎంతో మందిని ఆపగలరు. కానీ దప్పికను వంతెన ఆపదు కదా! అందుకే పైన ఊటనీటిని కాపాడుకున్నారు. బండ మీద పడిన వాన లోపలికి ఇంకదు, జారి కిందికి వస్తుంది. కొండపాదాన చెట్టికుళం, చక్రకుళం అనే కొలనులున్నాయి. కల్యాణ మహల్ మేడ పైఅంతస్తులకు కూడా మట్టి గొట్టాలతో నీరు ఎక్కించారు.

ఈ కోట ఎన్నో చేతులు మారింది. విజయనగర రాజుల కాలంలో మన తెలుగు నాయకులు ఇక్కడ ఏలారు. కృష్ణప్ప నాయకుని కాలంలో, 1597లో వచ్చిన పిమెంటా అనే జెసూట్ పాదిరి, ఇంత పెద్ద నగరం పోర్చుగల్‌లో లిస్బన్ తప్ప వేరే లేదని రాశాడు. తరువాత బీజాపూర్ వాళ్లు వచ్చారు. 1677లో శివాజీ గెలిచి కోటను బలపరిచాడు. ఆయన కొడుకు రాజారాం ఇక్కడ ఉండగా మొగలులు 1690లో ముట్టడి మొదలుపెట్టారు. కోట వాళ్ల వశమయింది 1698లో! బయట మరాఠా దండ్లు సరఫరా దారులను కొడుతుంటే మొగలుల శిబిరంలోనే గింజలకు కరువొచ్చింది. లోపల నీళ్లూ ధాన్యమూ లేకుంటే గోడలు ఎంత గట్టివైనా అన్నేళ్లు నిలిచేవి కావు. అదే కోటను 1750లో ఫ్రెంచి వాళ్లు ఒక్క రాత్రిలో పట్టుకున్నారు. గోడలు అవే, కొండలు అవే. కాబట్టి కోట బలం గోడల్లోనే లేదని నాకు అర్థమయింది.

దిగివచ్చి అవ్వకు ఇదంతా చెప్పాను. ఆమె అప్పటికే పక్కనున్న ధాన్యపు కొట్టు చూసి వచ్చింది. గోడలు మందంగా, కప్పు కమానులాగా ఉన్న పెద్ద కట్టడం అది. బోర్డు మీద అరవంలోనూ ఇంగ్లీషులోనూ పేరుంది. నాకూ 'కళంజియం' అన్న అరవం మాటే నోటికి వచ్చింది. అవ్వ మాత్రం "ఇది రాజుల గాదె. మన ఇంట్లో గరిసె ఉండేది, పెరట్లో పాతర ఉండేది" అంది. నేల తవ్వి వడ్లు దాచే గుంత పాతరట. మూడేళ్లుగా తెలుగు చదువుతున్నాను, ఈ మూడు మాటలకూ తేడా నాకు ఆ రోజే తెలిసింది.

ఇంకో మాట కూడా అడిగింది: "ఈ గాదె నింపినోళ్ల పేర్లు ఏడన్నా రాసినారా?" లేదన్నాను. ఏలినవాళ్ల పేర్లు వరసగా చెప్పగలను. చుట్టుపక్కల ఊళ్లలో మడి దున్ని, కోత కోసి, బండ్ల మీద ధాన్యం తోలిన వాళ్లలో ఒక్కరి పేరూ చెప్పలేను. విజయనగర, నాయకుల కాలంలో ఈ సీమకు వచ్చి, సేద్యం చేసుకుంటూ ఉండిపోయిన తెలుగువాళ్లు ఎందరో. మా అవ్వవాళ్ల పెద్దలూ అట్లా వచ్చినవాళ్లేనేమో.

2025 జూలైలో యునెస్కో మరాఠా కోటలను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. ఆ పన్నెండింటిలో తమిళనాడుది సెంజి ఒక్కటే. ఇక రాళ్లను కాపాడేవాళ్లు ఉంటారు. గాదె, గరిసె, పాతర, కపిల లాంటి మాటలను మనమే కాపాడుకోవాలి. ఈసారి ఇంటికి పోయినప్పుడు మీ అవ్వనో తాతనో అడిగి, వాళ్ల సేద్యపు మాటలు పది రాసుకొని రండి. ఈ గోడపత్రికలో పక్కపక్కనే పెడదాం. సెంజికి పోతే మాత్రం పొద్దున్నే ఎక్కండి, నీళ్లు తీసుకుపోండి.