తెరవని స్కెచ్‌బుక్: ప్రయాణంలో బొమ్మలు గీయడంపై అపోహలు – వాస్తవాలు

ఊళ్లు తిరిగేవాళ్ల సంచుల్లో స్కెచ్‌బుక్కులు చాలానే ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం మొదటి రెండు మూడు పేజీల దగ్గరే ఆగిపోతాయి. కొన్న రోజున ఉన్న ఉత్సాహం లేపాక్షి నంది ముందు కూర్చునేసరికి బెరుకుగా మారుతుంది. చెయ్యి తిరగకపోవడం కంటే, బొమ్మల గురించి చిన్నప్పటి నుంచి చెవిన పడుతూ వచ్చిన కొన్ని మాటలే ఆ బెరుకుకు కారణం. వాటన్నిటికీ మూలం ఒకటే. దారిలో గీసే స్కెచ్‌ని మనం గోడకు తగిలించే పటంలా ఊహించుకుంటాం. అది నిజానికి చూసినదాన్ని చూసినచోటే రాసుకునే చిట్టా. చిట్టాలో అక్షరాలు అందంగా ఉన్నాయా అని ఎవరూ అడగరు, లెక్క ఉందా అని అడుగుతారు.

అపోహ: బొమ్మలు వేయడం పుట్టుకతో రావాలి

విన్సెంట్ వాన్ గో చిత్రకారుడు కావాలని నిశ్చయించుకున్నది 1880లో, 27 ఏళ్ల వయసులో. అప్పుడాయన చేసిన మొదటి పని డ్రాయింగు పాఠాల అచ్చుప్రతులు ముందు పెట్టుకుని మళ్లీ మళ్లీ నకలు గీయడం. 1882లో ద హేగ్‌లో ఉండగా ఒక చెక్క చట్రం చేయించుకున్నాడు. దానికి అడ్డంగా, నిలువుగా, మూలల నుంచి దారాలు లాగి ఉంటాయి. సముద్రపు ఒడ్డునో పొలంలోనో దాన్ని పాతుకుని, ఆ గళ్లలోంచి చూస్తూ ఏ వస్తువు ఏ గడిలో పడుతోందో గమనించి గీసేవాడు. ఆ చట్రం బొమ్మ తమ్ముడికి రాసిన ఉత్తరంలో గీసి చూపించాడు కూడా.

మొదలుపెట్టేవాళ్లకు అడ్డుపడేది చెయ్యి కాదు, తెలిసిందే గీయాలనే తొందర. ఎవరినైనా ఒక ముఖం గీయమనండి. కళ్లు దాదాపు నుదుటి మీదికి వెళ్లిపోతాయి. పెద్దవాళ్ల తలను నడినెత్తి నుంచి గడ్డం దాకా కొలిస్తే కళ్లు సరిగ్గా మధ్యలో ఉంటాయి. కానీ మనకు ముఖమంటే కళ్లు, ముక్కు, నోరు. వాటి పైనున్న తల అంతా లెక్కలోకి రాదు. కొబ్బరిచెట్టూ అంతే. నిటారు గీత మీద నక్షత్రం లాంటి ఆకులు గీసేస్తాం, ఎదురుగా ఉన్న చెట్టు కాలువ వైపు ఎంత వంగి ఉందో చూడం.

ఈ అలవాటు వదిలించుకోవడానికి అమెరికా చిత్రకళా ఉపాధ్యాయుడు కిమోన్ నికొలాయిడిస్ నేర్పిన అభ్యాసం ఇప్పటికీ పనికొస్తుంది. ఆయన పాఠాల పుస్తకం 1941లో, ఆయన పోయాక, అచ్చయింది. కాగితం వైపు చూడకుండా, కన్ను వస్తువు అంచు వెంట ఎంత నెమ్మదిగా కదిలితే పెన్సిలూ అంతే నెమ్మదిగా కదలాలి. బొమ్మ వంకరగానే వస్తుంది, ఫరవాలేదు. శిక్షణ జరుగుతున్నది కంటికి. 1979లో చిత్రకళా ఉపాధ్యాయురాలు బెట్టీ ఎడ్వర్డ్స్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇంకొకటి ఉంది: ఒక బొమ్మను తలకిందులుగా పెట్టుకుని చూసి గీయడం. అప్పుడు అది చెయ్యి, ఇది కాలు అన్న గుర్తింపు పోయి, ఉత్త గీతలు కనిపిస్తాయి. దీనికి ఆమె చెప్పిన కుడి మెదడు, ఎడమ మెదడు వివరణను నాడీశాస్త్రం ఇవాళ అంత సూటిగా ఒప్పుకోదు. అభ్యాసం మాత్రం ఫలితమిస్తుంది.

అపోహ: మనుషులు కదులుతూనే ఉంటారు, వాళ్లను గీయడం కుదరదు

ఎక్కువమంది చెట్లూ గుళ్లూ గీసి మనుషుల్ని వదిలేసేది ఈ భయం వల్లే. వాళ్లు లేకపోతే సంత సంతలా ఉండదు, రేవు రేవులా ఉండదు.

మనుషులు కదులుతారు, నిజమే. కానీ పనిలో ఉన్న మనిషి అవే భంగిమల్లోకి తిరిగి తిరిగి వస్తాడు. టీ కొట్టు దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి. గిన్నె ఎత్తి పోయడం, గ్లాసులు కడగడం, చిల్లర ఇవ్వడం, మళ్లీ గిన్నె ఎత్తడం. ఒకే పేజీలో మూడు నాలుగు బొమ్మలు ఒకేసారి మొదలుపెట్టి, ఆయన ఏ భంగిమలోకి వస్తే ఆ బొమ్మకు ఒక గీత చేర్చుకుంటూ పోవాలి. వల విసిరేవాళ్లు, నాట్లు వేసేవాళ్లు, ఇస్త్రీ చేసేవాళ్లు, అందరినీ ఇలాగే పట్టుకోవచ్చు.

ఇక ఎదురుచూసేవాళ్లు, నిద్రపోయేవాళ్లు. రాత్రి రైల్లో పై బెర్తుల మీద, బస్టాండు బెంచీల మీద దొరికినన్ని నిశ్చలమైన భంగిమలు ఏ ఆర్ట్ కాలేజీలోనూ దొరకవు. ఫోను చూస్తూ కూర్చున్నవాళ్లూ చాలాసేపు కదలరు. రైలు కుదుపుతో గీత వణుకుతుందనుకుంటే కదిలేటప్పుడు పెద్ద ఆకారాలు, స్టేషనులో ఆగినప్పుడు ముఖం, వేళ్లు గీసుకోవచ్చు.

మొదట ముఖం జోలికి పోకూడదు. తల నుంచి పాదం దాకా శరీరం వాలు ఎటుందో ఒక్క గీతలో పెట్టాలి. బరువు ఏ కాలి మీద ఉంది? ఏ భుజం కిందికి ఉంది? అర నిమిషంలో ఇది కాగితం మీదికి వస్తే మనిషి లేచి వెళ్లిపోయినా నష్టం లేదు. పెద్దవాళ్ల ఎత్తు సుమారు ఏడు, ఏడున్నర తలలంత. మూడు నాలుగేళ్ల పిల్లలది ఐదు తలలంత. ఈ తేడా తెలియకనే చాలా స్కెచ్‌లలో పిల్లలు పొట్టి పెద్దమనుషుల్లా కనిపిస్తారు. చీర మడతలన్నీ గీయనక్కర్లేదు. బట్ట ఎక్కడ ఆనుకుని వేలాడుతోందో, అంటే భుజం, మోచెయ్యి, నడుము దగ్గర, అక్కడి మడతలు గీస్తే మిగతావి చూసేవాళ్లే పూరించుకుంటారు.

తిరునాళ్ల గుంపుకి ఒక కిటుకు ఉంది. చదునైన నేల మీద మీరు నిలబడి చూస్తే, మీ అంత ఎత్తున్న వాళ్ల కళ్లన్నీ, దగ్గరివైనా దూరానివైనా, ఒకే అడ్డగీత మీద ఉంటాయి. పాదాలే మారతాయి, దగ్గరివాళ్లవి కిందికి, దూరంవాళ్లవి పైకి. మీరు కుర్చీలో కూర్చుంటే ఆ గీత నిలబడ్డవాళ్లందరి నడుముకు కాస్త పైన సాగుతుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే వందమంది గుంపు కూడా నేల మీద నిలబడుతుంది.

జపాన్ చిత్రకారుడు హొకుసాయ్ స్కెచ్‌ల సంపుటి మొదటిది 1814లో వెలువడింది, మొత్తం పదిహేను వచ్చాయి. వాటిలో పనిచేసేవాళ్లు, ఆడేవాళ్లు, స్నానం చేసేవాళ్లు, గాలికి ఎదురు నడిచేవాళ్లు పేజీల నిండా ఉంటారు. వాళ్లలో చాలామందికి ముఖమంటే రెండు మూడు గీతలు. అయినా ఎవరు అలసిపోయారో, ఎవరు తొందరలో ఉన్నారో తెలిసిపోతుంది.

దొంగచాటుగా గీయాలన్నదీ తప్పే. తమను చూసి గీస్తున్నారని ఎదుటివాళ్లకు ఎలాగూ తెలుస్తుంది. “ఏం రాసుకుంటున్నావు బాబూ?” అని పూలమ్మే పెద్దావిడ అడిగితే “మీ బొమ్మేనమ్మా, చూడండి” అని పుస్తకం అటు తిప్పితే చాలు, మాట కలుస్తుంది. వద్దంటే వెంటనే ఆపేయాలి. దుఃఖంలో ఉన్నవాళ్లను, స్నానఘట్టాల దగ్గర స్త్రీలను అసలు గీయకూడదని నా పట్టింపు.

అపోహ: కనిపించిందంతా గీస్తేనే ప్రకృతి దృశ్యం

పాపికొండల్లో లాంచీ మీద వెళుతున్నప్పుడు ప్రతి చెట్టూ గీయబోతే మొదటి మలుపు తిరిగేలోగా దృశ్యమే మారిపోతుంది. కళ్లు సగం మూసి చూడాలి. అప్పుడు ఆకులు మాయమై మూడు పొరలు మిగులుతాయి: దగ్గరి ఒడ్డు ముదురు రంగులో, దాని వెనక కొండ కాస్త లేతగా, ఆ వెనకది నీలం కలిసిన బూడిదలో. దూరం పెరిగేకొద్దీ కంటికీ కొండకూ మధ్య గాలి ఎక్కువవుతుంది. ఆ గాలి నీలపు కాంతిని ఎక్కువగా చెదరగొడుతుంది కాబట్టి కొండ నీలంగా, లేతగా కనిపిస్తుంది. దూరపు కొండల ఈ నీలిమను లియోనార్డో డావిన్చీ ఐదొందల ఏళ్ల కిందటే తన నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. మూడు పొరలకు మూడు ఛాయలు వేస్తే గోదావరి లోయ లోతు వచ్చేస్తుంది.

రంగులన్నీ అక్కడే వేయాలనీ లేదు. ఇంగ్లండు చిత్రకారుడు టర్నర్ ప్రయాణాల్లో నింపిన స్కెచ్‌బుక్కులు దాదాపు మూడొందలు లండన్ టేట్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో చాలా పేజీలు ఉత్త పెన్సిలు గీతలే. 1832లో మొరాకో వెళ్లిన ఫ్రెంచి చిత్రకారుడు డెలాక్రువా, బొమ్మల పక్కనే ఏ గోడ ఏ రంగో, ఏ బట్ట ఏ రంగో మాటల్లో రాసుకున్నాడు. ఆ ప్రయాణంలో చూసి గీసుకున్నవే 1834 నాటి ‘అల్జీర్స్ స్త్రీలు’ చిత్రానికి ముడిసరుకు. పేజీ మీద అక్షరాలు ఉంటే బొమ్మ పాడైనట్టు కాదు. “ఇక్కడ గడ్డి ఎండిన గోధుమరంగు, నీడ ఊదా” అని రాసుకున్న వాక్యమూ స్కెచ్‌లో భాగమే. ఏం వదిలేయాలో నేర్పడానికి మనకు బాపు బొమ్మలు ఉండనే ఉన్నాయి. ఒక కన్ను, ఒక ముక్కుగీత, జడ వంపు, అంతటితో మనిషి పూర్తయ్యే ఆ పొదుపును కొండల విషయంలోనూ పాటించవచ్చు.

అపోహ: పర్‌స్పెక్టివ్ లెక్కలు రానివాళ్లు కట్టడాల జోలికి పోకూడదు

పర్‌స్పెక్టివ్ అంటే దూరాన్ని కాగితం మీద చూపే పద్ధతి. దానికి ముందుగా కావలసింది కంటి మట్టం ఎక్కడుందో తెలియడం. కంటి మట్టం కంటే పైనున్న అంచులు దూరం వెళ్లేకొద్దీ కిందికి, కిందున్నవి పైకి వాలతాయి. రాజమండ్రి పుష్కర ఘాట్ నుంచి ఆర్చి వంతెన చూస్తే వరసగా చిన్నవైపోయే కమానులు ఈ పాఠం చెబుతాయి. కొలతకు చెయ్యి పూర్తిగా చాచి, మోచెయ్యి వంచకుండా, పెన్సిలుతో ఒక కమాను ఎత్తు ఎంత, వెడల్పు ఎంత అని పోల్చుకుంటే చాలు. ఉపకరణం వాడితే మోసమనుకోనక్కర్లేదు. ఇంగ్లండు చిత్రకారులు థామస్ డానియెల్, ఆయన సోదరుడి కొడుకు విలియం 1786 నుంచి 1793 దాకా భారతదేశంలో తిరిగి గీసిన బొమ్మల నుంచి 144 ముద్రణ చిత్రాలు వెలువడ్డాయి. గుళ్లనూ కోటలనూ గీసేటప్పుడు వాళ్లు, ఎదుటి దృశ్యాన్ని కాగితం మీద పడేలా చేసే కెమెరా అబ్‌స్క్యూరా అనే పెట్టెను వాడారు.

అపోహ: ఫోటో తీసుకుని ఇంటికెళ్లి గీస్తే అదే

ఫోను కటకం వెడల్పుగా చూస్తుంది. ముందున్న బండరాయి పెద్దదై, మిమ్మల్ని ఆపేసిన కొండ చిన్న గుట్టయిపోతుంది. నీడలో కన్ను చూడగలిగిన రంగులు ఫోటోలో చాలావరకు నల్లబడతాయి. ఇంకో తేడా జ్ఞాపకానిది. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త లిండా హెంకెల్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, మ్యూజియంలో కొన్ని వస్తువులను ఫోటో తీసి, కొన్నిటిని ఉత్తగా చూసినవాళ్లకు మర్నాడు ఫోటో తీసినవే తక్కువ గుర్తున్నాయి. ఒక భాగం మీదికి జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం ఆ నష్టం కనిపించలేదు. కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2016లో ఇంకో సంగతి చూపించారు. ఒక మాటను రాసుకున్నవాళ్ల కంటే దాని బొమ్మ గీసినవాళ్లకు ఆ మాట బాగా గుర్తుంది, బొమ్మ ఎంత బాగా వచ్చిందన్నదానితో నిమిత్తం లేకుండా. శిల్పం మీది నగిషీ లాంటి వివరాలకు ఫోటో తీసుకోవడంలో తప్పు లేదు, గీసిన తర్వాత.

అపోహ: ఖరీదైన సామగ్రి కావాలి

చిత్రకారుడు నందలాల్ బోస్ పోస్టుకార్డుల మీద బొమ్మలు వేసి శిష్యులకు పంపేవారు. 2బీ పెన్సిలో, మామూలు బాల్‌పెన్నో, 150 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాములు) కాగితమో సరిపోతాయి. నీటిరంగులు వేస్తే మాత్రం 300 జీఎస్ఎం కాగితం, తడికి చెదరని సిరా కావాలి. ఇక్కడ పొదుపు చేస్తే కాగితం ముడుచుకుని ఉసూరుమనిపిస్తుంది. రబ్బరు లేకపోతేనే మంచిది. తప్పు గీత పక్కనే సరైన గీత వేస్తే ఎంత తప్పామో కనిపిస్తుంది. డబ్బుకన్నా నీడ ముఖ్యం. తెల్ల కాగితం మీద ఎండ పడితే కళ్లు చెదిరి ఛాయలన్నీ తప్పుతాయి. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు కాబట్టి గోపురం మీది నీడ అంచును మొదటే గుర్తుపెట్టుకుని, తర్వాత అది మారినా మన గీత మార్చకూడదు.

అపోహ: ఇది ఏకాంతంలో చేసుకునే పని

సియాటిల్ పత్రికా చిత్రకారుడు గాబ్రియెల్ కాంపనారియో 2007లో మొదలుపెట్టిన అర్బన్ స్కెచర్స్ బృందాలు ఇప్పుడు ఎన్నో దేశాల్లో, మన దేశపు నగరాల్లోనూ ఉన్నాయి. వాళ్ల మొదటి నియమం ఎదురుగా చూస్తూ అక్కడే గీయడం. చివర్లో అందరి పుస్తకాలూ ఒకచోట నేల మీద పరిచి చూసుకోవడం చాలా బృందాల్లో ఆనవాయితీ. చార్మినార్ దగ్గర పదిమంది కూర్చుంటే ఒకరు మీనార్లు గీస్తారు, ఒకరు పావురాలు, ఒకరు లాడ్ బజార్ గాజుల దుకాణం ముందు బేరమాడుతున్న తల్లీకూతుళ్లను. ఏ పేజీ ముందు ఎక్కువమంది ఆగుతారో ముందుగా చెప్పడం కష్టం. గీత సాఫీగా ఉన్న పేజీ ముందు ఆగరు చాలాసార్లు, తాము అక్కడే కూర్చుని కూడా చూడనిది ఉన్న పేజీ ముందు ఆగుతారు.