తంగేడు నేలమీదే పూసే చోటు

ఎంగిలిపూల బతుకమ్మకు ముందు పీర్జాదిగూడ రోడ్ల పక్కన గునుగు కట్టలు దిగుతాయి. పోయినేడు మా పక్కింటి అవ్వ ఒక కట్ట చేతిలోకి తీసుకొని, ధర విని, మళ్లీ కింద పెట్టేసింది. "గీ ప్లాట్లల్లనే ఒడినిండ తెంపుకొచ్చేటోళ్లం బిడ్డా! ఇప్పుడు గునుగు సుత కొనాల్నా?" అంది. ఆ ప్లాట్లన్నీ ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. మూసీ ఒడ్డున మిగిలిన పచ్చదనంలో చాలావరకు పశువుల మేతకు పెంచే గడ్డే.

ఆ మాట మనసులో పడి, ఒక ఆదివారం పొద్దున్నే అవ్వనూ, పిల్లలనూ వెంటబెట్టుకొని ఉప్పల్, నాగోల్, ఎల్బీనగర్ మీదుగా మహావీర్ హరిణ వనస్థలికి వెళ్లాం. విజయవాడ రహదారిని ఆనుకొని 3,758 ఎకరాలు. నిజాం కాలంలో ఇది వేటస్థలం. 1975లో మహావీరుడి 2,500వ నిర్వాణోత్సవాల సందర్భంగా ఆయన పేరుతో జింకల వనమైంది. 1994లో జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు.

ఆకాశాన్నంటే చెట్లుంటాయనుకొని వెళ్తే మొదట నిరాశే. ముళ్లపొదలు, గడ్డి, ఎర్రనేల, అక్కడక్కడా బండరాళ్లు. దక్కను అసలు ముఖం ఇదే. వానాకాలం చివర్లో అది పూలతో నిండిపోతుంది. బాట పక్కన తంగేడు పచ్చగా విరగబూసింది. పశువులు పెద్దగా ముట్టవు, ఎండకు బెదరదు, రాతినేలలోనూ నిలుస్తుంది. దీని బెరడుతోనే ఒకప్పుడు తోళ్లు పదును చేసేవారు. తెలంగాణ రాష్ట్ర పుష్పం ఇదే. కాస్త పల్లంలో గునుగు. కొసన గులాబీ ఛాయ, కిందికి వచ్చేకొద్దీ వెండి తెలుపు. అంగట్లో రంగులద్దిన గునుగునే చూసే పిల్లలు దీన్ని గుర్తుపట్టలేకపోయారు. "తల దించి సూడుండ్రి" అని అవ్వ చూపిస్తేగానీ గడ్డిలో విష్ణుక్రాంతం కనిపించలేదు. చిటికెనవేలి గోరంత నీలి పువ్వు. ఆ పక్కనే తుమ్మి, పల్లేరు.

పొదల అవతల కృష్ణజింకల మంద. నలుపు మగవాటికే, ఆడవి లేత గోధుమరంగులో ఉంటాయి. వేగంగా పరుగెత్తే ఈ జింకకు దట్టమైన అడవి కన్నా గడ్డి మైదానమే క్షేమం. అందుకే ఇలాంటి నేలను బీడు అనడం నాకు అన్యాయంగా తోస్తుంది. ఖాళీగా కనిపిస్తోందని దొరికిన మొక్కలన్నీ నాటేస్తే జింకకూ, గునుగుకూ చోటుండదు. అమెరికా ఖండం నుంచి వచ్చిన వయ్యారిభామ మన ఖాళీ స్థలాలను ఇప్పటికే ఆక్రమించింది. అది మొలిచిన చోట మన మొక్కలు సరిగా ఎదగవు.

అవ్వ అలవాటుకొద్దీ తంగేడు కొమ్మ మీద చెయ్యి వేసింది. జాతీయ ఉద్యానవనంలో పువ్వు తెంపడం కూడా నేరమే. నేను చెప్పేలోపే తనే చెయ్యి వెనక్కి తీసుకొని, "ఉండనీ, ఈడనన్న ఉండనీ" అంది.

మీ కాలనీ పార్కులో లాన్ పరిచేటప్పుడు ఈ పూలకూ ఒక మూల వదిలిపెట్టండి. ఎండిన తంగేడు కాయలు ఊరి పొలాల గట్ల మీద దొరుకుతాయి. గింజ పొట్టు గట్టిది. వేడినీళ్లలో నానబెట్టి, తొలకరికి నాటండి. పక్కనే గుప్పెడు గునుగు గింజలు చల్లండి. వానాకాలం పోయేదాకా అక్కడ గడ్డికోత యంత్రం తిప్పొద్దని మాత్రం తోటమాలికి గట్టిగా చెప్పండి.