గంజాయి తాగి గేరు వేస్తే

డ్రైవింగు నేర్చుకోడానికి నా దగ్గరికొచ్చే కుర్రాళ్లలో ఎవడో ఒకడు అడుగుతూనే ఉంటాడు: "మాస్టారూ, మందు కొడితే బండి ఊగిపోద్ది. గంజాయి తాగినోడు నెమ్మదిగానే ఎల్తాడు కదా, ఇంకేటి భయం?"

సగం నిజమే. గంజాయి తాగినవాడు చాలాసార్లు వేగం తగ్గిస్తాడు, ముందు బండికి దూరం ఎక్కువ వదులుతాడు. ఎదర ఏముందో తెలిసినంతసేపూ ఆ జాగ్రత్త సరిపోయినట్టే అనిపిస్తుంది. మా అనకాపల్లి దగ్గర తాళ్లపాలెం జంక్షన్లో బెల్లం దిమ్మల ట్రాక్టరు చెప్పాపెట్టకుండా హైవే మీదికి తిరిగిందనుకోండి. అద్దం చూడాలి, పక్క లేను ఖాళీయో కాదో తేల్చుకోవాలి, బ్రేకు తొక్కాలి, స్టీరింగు కుదురుగా పట్టాలి. అన్నీ ఒక్కసారే. గంజాయిలో మత్తెక్కించే టీహెచ్‌సీ దెబ్బకొట్టేది సరిగ్గా ఇక్కడే. దూరం, సమయం అంచనాకి అందవు, కాలు ఆలస్యంగా కదులుతుంది. అరవైలో వెళ్లే బండి సెకనుకి దాదాపు 17 మీటర్లు పోతుంది. అర సెకను ఆలస్యమైతే రెండు కార్ల పొడవు దాటిపోయినట్టే.

ఇంతకన్నా నన్ను కలవరపెట్టిన సంగతి ఒకటుంది. శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు గంజాయి అలవాటున్న 191 మందిని సిమ్యులేటర్ మీద పరీక్షించి 2022లో ఫలితాలు ప్రచురించారు. తాగిన గంటన్నరకే చాలామంది "ఇక నడిపేస్తాం" అన్నారు. వాళ్ల డ్రైవింగు మాత్రం అరగంటప్పుడు ఎలా ఉందో దాదాపు అలాగే ఉంది. పూర్తిగా తేరుకునేసరికి నాలుగున్నర గంటలు. ధైర్యం ముందొస్తుంది, చెయ్యి తర్వాతొస్తుంది.

మా ఊరికి గంజాయి కొత్త కాదు. 2022 ఫిబ్రవరిలో ఇక్కడి కోడూరు దగ్గరే పోలీసులు సుమారు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. పట్టుబడిన బస్తాల గురించి అందరం మాట్లాడుకుంటాం. తాగి స్టీరింగు పట్టినవాడి సంగతి ఎవరికీ పట్టదు. మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ మందుకి లెక్క చెప్పింది: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. మత్తుపదార్థాలకి అంకె లేదు, బండిని అదుపు చెయ్యలేనంత మత్తులో ఉంటే నేరమని ఊరుకుంది. మందుబాబుల చేత ఊదించే మిషను గంజాయిని పట్టదు. రక్తం తీసినా చిక్కే. టీహెచ్‌సీ రక్తంలో చకచకా తగ్గిపోతుంది, మత్తు అంత తొందరగా దిగదు. రోజూ తాగేవాడికైతే మత్తులేని రోజున కూడా రక్తంలో కొంత కనిపిస్తుంది.

తినే సరుకు మరీ మోసం. పొగైతే నిమిషాల్లో తెలుస్తుంది. కడుపులోకి వెళ్లింది ఎక్కడానికి గంటైనా పట్టొచ్చు. అనకాపల్లిలో తిని "నాకేమీ కాలేదు" అని బయల్దేరినవాడికి తుని దగ్గర ఎక్కుతుంది.