గట్టుకీ హైవేకీ ఒకే టైరు

మన తడ ఊరికి ఒక విశేషముంది. పికప్ ట్రక్కూ, టైరూ రెండూ మన పక్కనే తయారవుతాయి. శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం 2016 ఏప్రిల్‌లో మొదలైంది. డీ-మ్యాక్స్, వీ-క్రాస్ పికప్‌లు అక్కణ్ణించే దేశమంతా పోతున్నాయి. వరదయ్యపాళెం మండలం చినపాండూరులో అపోలో వాళ్ల ఫ్యాక్టరీ నుంచి 2020లో మొదటి టైరు బయటికొచ్చింది. అక్కడ కార్లకూ లారీలకూ రేడియల్ టైర్లు చేస్తారు.

ఇక నేల సంగతి చూడండి. తడకు తూర్పున పులికాట్ సరస్సు ఒడ్డు బంకమట్టి. పడమర ఉబ్బలమడుగు అడవి దారిలో రాళ్లు. ఉత్తరంగా వాకాడు దాటి తూపిలిపాళెం తీరానికి పోతే పొడి ఇసుక. వీటి మధ్యలో మద్రాసుకూ కలకత్తాకూ పోయే పదహారో నంబరు జాతీయ రహదారి. ఇన్ని రకాల నేల ఇంత దగ్గర దగ్గరగా ఉన్న ఊళ్లు తక్కువ. అందుకే టైరు గురించి మాట్లాడుకోవడానికి ఇంతకంటే మంచి చోటు ఉండదనిపిస్తుంది నాకు.

మా మనవడికి ఒక డీ-మ్యాక్స్ ఉంది. రొయ్యల గుంటలకు మేత బస్తాలు తోలతాడు, పట్టుబడి రోజున ఐసూ ట్రేలూ వేసుకుని పోతాడు. కంపెనీ ఇచ్చిన టైర్లు అరిగిపోయాయి. "తాతా, ఈసారి అన్ని నేలలకూ పనికొచ్చే ఆల్ టెరైన్ టైర్లు వేయిద్దామనుకుంటున్నా. పెద్ద పెద్ద గుబ్బలున్నవి చూశా. ఎట్టాంటివి తీసుకునేది?" అని అడిగాడు.

"గుబ్బల సంగతి తర్వాత చూద్దాం అబ్బయా. ముందు చెప్పు, నీ బండిని మోస్తున్నదెవరు?"

"టైరే గదా తాతా."

కాదు. మోస్తున్నది గాలి. రబ్బరూ, దాని లోపలి దారాలూ, ఉక్కు తీగలూ ఆ గాలిని పట్టి ఉంచే సంచి మాత్రమే. 1888లో బెల్‌ఫాస్ట్‌లో ఉండే డన్‌లప్ అనే పశువుల డాక్టరు కొడుకు మూడు చక్రాల సైకిలుకు రబ్బరు గొట్టం చుట్టి గాలి నింపాడు. ఆనాటి నుంచీ బండి బరువు గాలి మీదే నడుస్తోంది. టైరు ఎంచుకునేటప్పుడు ఈ ఒక్క మాట గుర్తుంటే సగం పని అయిపోయినట్టే.

లెక్క వేసి చూద్దాం. గాలి 35 పౌండ్లు పెట్టామంటే, ప్రతి చదరపు అంగుళం మీదా 35 పౌండ్ల ఒత్తిడి అని అర్థం. అంటే దాదాపు 16 కిలోలు. ఒక చక్రం మీద 600 కిలోల బరువుందనుకో. 600ను 16తో భాగిస్తే 38 దాకా వస్తుంది. ఆ చక్రం నేలకు ఆనే చోటు మొత్తం కలిపి 38 చదరపు అంగుళాలన్నమాట. ఎనిమిదంగుళాల వెడల్పు, ఐదంగుళాలకు కాస్త తక్కువ పొడవు. టైరు గోడల బిగువు కూడా కొంత మోస్తుంది కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. అయినా ఇంత పెద్ద బండి ఇంత చిన్న జాగా మీద నిలబడుతోందని తెలిస్తే మనిషి జాగ్రత్తపడతాడు.

ఇప్పుడు గాలి 18కి దించు. అదే 600 కిలోలకు 73 చదరపు అంగుళాలు కావాలి. టైరు వెడల్పు పెద్దగా పెరగదు, ఆనే చోటు పొడవు పెరుగుతుంది. ఐదంగుళాలది తొమ్మిది దాటుతుంది. బరువు మారలేదు, నేల మీద ఒత్తిడి మాత్రం సగానికి పడిపోయింది. కోత అయిన చేలలో బాతుల మందను చూశావు గదా. అవి బురద మీద హాయిగా నడుస్తాయి, అదే బురదలో కోడి కాలు దిగబడుతుంది. తేడా అంతా పాదం వైశాల్యంలోనే.

తూపిలిపాళెం ఇసుకలో చిక్కుకున్న బండ్లను గమనిస్తే ఇది కళ్లకు కడుతుంది. గుబ్బలు పెద్దవైన కొద్దీ ఇసుకలో బాగా పోతుందని చాలామంది నమ్మకం. నిజం దానికి తలకిందులు. పొడి ఇసుకను గుబ్బ తవ్వుతుంది. యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ చక్రం తన గొయ్యి తనే తవ్వుకుని ఇరుసు దాకా కూర్చుంటుంది. ఇసుక మీద తేలాలంటే గాలి దించాలి, నెమ్మదిగా, ఆగకుండా పోవాలి, గట్టిగా మలుపు తిప్పకూడదు. గాలి తక్కువున్న టైరును గభాల్న తిప్పితే రిమ్ము మీంచి జారి ఊడొస్తుంది. లోడుతో ఉన్నప్పుడు ఈ పని అసలే వద్దు. మళ్లీ తారు రోడ్డు ఎక్కే ముందు గాలి నింపి తీరాలి.

బురద పద్ధతి వేరు. అక్కడ గుబ్బకు పనుంది. పైనున్న జారుడు పొరను చీల్చుకుని కింది గట్టి మట్టిని అది పట్టుకోవాలి, చక్రం తిరిగేటప్పుడు గాడుల్లో ఇరుక్కున్న మట్టిని బయటికి విసిరేయాలి. పులికాట్ ఒడ్డు బంకమట్టి అంత సులభంగా వదలదు. గాడులు ఇరుకుగా ఉంటే రెండు చుట్లలో నిండిపోయి టైరు గుండై కూర్చుంటుంది. కార్తీక మాసపు వానల్లో గుంట గట్ల మీద బండి పక్కకు జారిపోయేది ఇందుకే. గాడులు వెడల్పుగా, భుజాల దగ్గర తెరుచుకుని ఉన్న ఆల్ టెరైన్ టైరు అక్కడ మామూలు రోడ్డు టైరు కంటే స్పష్టంగా మెరుగు. ఉబ్బలమడుగు దారి రాళ్ల దగ్గర మరో సంగతి. అక్కడ దెబ్బ తగిలేది గుబ్బకు కాదు, పక్క గోడకు. గోడలో పొరలు బలంగా ఉన్న టైరే నిలుస్తుంది.

"అట్టయితే అన్నిటికంటే మొరటుగా ఉండే మడ్ టైరే వేయించేస్తే పోలా?" అన్నాడు వాడు.

వద్దన్నాను. కారణం వేడి. రబ్బరును వంచి వదిలితే, వంచడానికి పెట్టిన శక్తి మొత్తం తిరిగి రాదు, కొంత వేడిగా మిగిలిపోతుంది. వాడి బండి టైరు చుట్టుకొలత రెండుంపావు మీటర్లకు కాస్త ఎక్కువ. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతే ఆ టైరు గంటలో సుమారు 34 వేల చుట్లు తిరుగుతుంది. అంటే దాని మీది ప్రతి చోటూ 34 వేల సార్లు నేలకు అణిగి, మళ్లీ లేస్తుంది. ప్రతిసారీ పిసరంత వేడి పుడుతుంది. రబ్బరు వేడిని తొందరగా బయటికి పంపదు. గుబ్బ మందమైన కొద్దీ వేడి లోపలే ఉండిపోతుంది. రోహిణి కార్తె ఎండలో కాగిన తారు రోడ్డు, నిండా లోడు, చాలని గాలి, పైన వేగం. ఇవన్నీ కలిసిన రోజు టైరు పేలుతుంది. హైవే పక్కన ముక్కలై పడి ఉండే టైర్లలో చాలావాటి కథ ఇదే. పైగా మడ్ టైరుకు తారు రోడ్డు మీద ఆనే రబ్బరు తక్కువ. వానలో బ్రేకు వేస్తే ఎక్కువ దూరం పోయి ఆగుతుంది. చప్పుడు ఎక్కువ, డీజిల్ ఖర్చూ ఎక్కువ. మా వాడు బురదలో తిరిగేది గట్టు మీద నాలుగు అడుగులు, తారు మీద రోజంతా. టైరు రోజంతా చేసే పనికి సరిపోవాలి.

వాన మాట వచ్చింది కాబట్టి ఒక ముచ్చట చెప్పాలి. పులికాట్‌కు ఆవలి ఒడ్డున శ్రీహరికోటలో రాకెట్లు ఎగురుతాయి గదా. అట్టాంటి పనే చేసే అమెరికా అంతరిక్ష సంస్థ నాసా వాళ్లు టైర్ల మీద కూడా గొప్ప పరిశోధన చేశారు. తడి రన్‌వే మీద విమానాలు ఎందుకు జారిపోతున్నాయని వాల్టర్ హార్న్, రాబర్ట్ డ్రెహర్ అనే ఇద్దరు పరిశీలించి 1963లో ఒక నివేదిక రాశారు. చక్రం వేగంగా వస్తే నీళ్లకు పక్కకు తప్పుకునే సమయం చాలదు. నీళ్లే చక్రాన్ని పైకెత్తేస్తాయి. ఇక స్టీరింగూ పనిచేయదు, బ్రేకూ పనిచేయదు. ఆ వేగం ఎంతన్నది ముఖ్యంగా టైరులోని గాలి మీద ఆధారపడుతుందని వాళ్లు తేల్చారు. గాలి పౌండ్లకు వర్గమూలం తీసి 16.7తో గుణిస్తే కిలోమీటర్లలో వేగం వస్తుంది. 36 పౌండ్లకు వర్గమూలం 6, కాబట్టి వేగం 100. అదే గాలి 25కి తగ్గిందనుకో, వర్గమూలం 5, వేగం 83. గాలి చూసుకోనివాడు హైవే మీద మామూలుగా పోయే వేగానికే నీళ్ల మీద తేలిపోతాడన్నమాట.

గాడులు లోతుగా ఉండి నీళ్లను బయటికి తోడేస్తుంటే ఈ ప్రమాదం వెనక్కి పోతుంది, అరిగిన కొద్దీ దగ్గరికొస్తుంది. కొత్త ఆల్ టెరైన్ టైరులో గాడి లోతు పది పన్నెండు మిల్లీమీటర్లు ఉంటుంది. గాడుల మధ్యలో అక్కడక్కడా చిన్న దిమ్మెలుంటాయి, వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. గుబ్బలు అరిగి ఆ దిమ్మెతో సమానమయ్యాయంటే ఆ టైరు ఆయుష్షు తీరిపోయినట్టు. ఈశాన్య రుతుపవనాలు మన మీద విరుచుకుపడతాయి, అల్పపీడనం పట్టిందంటే హైవే మీద నీళ్లు నిలబడతాయి. కాబట్టి మనవాళ్లు అంతదాకా ఆగకుండా 3 మిల్లీమీటర్ల దగ్గరే మార్చేయాలని నా అభిప్రాయం. ఖర్చే, కాదనను. కానీ మేత బస్తాలతో బ్రేకు పట్టని బండిని తలుచుకుంటే ఆ ఖర్చు పెద్దది కాదు.

ఇక షాపులో టైరు పక్క గోడ మీద ఏం చదవాలో వాడికి నేలమీద గీసి చూపించాను. 245/70 ఆర్ 16 అని ఉంటుంది. 245 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 70 శాతం గోడ ఎత్తు, రేడియల్, 16 అంగుళాల రిమ్ము. దాని పక్కన ఉండే సంఖ్యను చాలామంది చూడనే చూడరు. అసలు చూడాల్సింది అదే. 104 అని ఉంటే ఆ టైరు మోయగలిగేది 900 కిలోలు. 111 అయితే 1,090. 118 అయితే 1,320. పికప్ నిండా లోడెత్తితే బరువులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీదే పడుతుంది. వెనక రెండు చక్రాల మీద 1,800 కిలోలు పడ్డాయంటే 104 టైరుకు వెసులుబాటు ఏమీ మిగల్లేదు. ఒక్క గోతిలో పడితే చాలు, హద్దు దాటిపోతుంది. కంపెనీ ఇచ్చిన సంఖ్య కంటే తక్కువది ఎంత అందంగా ఉన్నా ముట్టుకోవద్దు.

ఇక్కడ మెకానిక్కులు కూడా పొరబడే సంగతి ఒకటుంది. సైజుకు ముందు ఎల్‌టీ అని ఉండే టైర్లు బరువు బండ్ల కోసం చేసినవి, వాటి గోడలు గట్టివి. కానీ వాటి మీద ఉండే పెద్ద బరువు సంఖ్య నిండా గాలి ఉన్నప్పటి లెక్క. బాగా బరువు రకానికైతే ఆ గాలి 80 పౌండ్ల దాకా ఉంటుంది. 35 పౌండ్లే పెట్టి, ఎల్‌టీ వేయించాం గదా అని లోడు పెంచితే అది కారు టైరు మోసినంత కూడా మోయకపోవచ్చు. ఏ లోడుకు ఎంత గాలి పెట్టాలో టైరు కంపెనీ పట్టికలో ఉంటుంది. అది అడిగి తీసుకోవాలి. మళ్లీ అదే మాట, మోసేది గాలి.

పెద్ద సైజు మోజు కూడా వాడికుంది. 245 తీసి 265 వేస్తే చక్రం దాదాపు నాలుగు శాతం పెద్దదవుతుంది. మీటరు 80 చూపిస్తుంటే బండి 83 మీద పోతుంటుంది. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు లాగుడు తగ్గుతుంది, బ్రేకు మీద భారం పెరుగుతుంది. అందం తప్ప లాభం లేదు. మూడు శిఖరాలు, మధ్యలో మంచు రేకు ఉన్న గుర్తు చూపించి ఎక్కువ ధర చెబితే, అది మంచు దేశాల పరీక్ష అని గుర్తుంచుకో, తడలో దానికి పని లేదు. ఐఎస్ఐ ముద్ర చూడు. నాలుగంకెల తేదీ చూడు. 3224 అంటే 2024లో 32వ వారంలో తయారైందని. పాత సరుకైతే వద్దని చెప్పు.

ఉప్పు నేలకు ఇంకో జాగ్రత్త కావాలి. గుంటల దగ్గర్నుంచి వచ్చాక రిమ్ములూ వాల్వులూ మంచినీళ్లతో కడగాలి. రిమ్ము అంచు తుప్పు పట్టిందంటే గాలి అక్కణ్ణించే సన్నగా పోతుంటుంది, పంచర్ షాపులో ఎంత వెతికినా దొరకదు.

ఇంకొకటి గట్టిగానే చెప్పాను. ఆల్ టెరైన్ వేయించుకున్నాం గదా అని ఎండాకాలంలో పులికాట్ ఎండిన చోటికి బండి దించొద్దు. పైన పెచ్చు ఆరినట్టే ఉంటుంది, కింద రొంపి అట్టే ఉంటుంది. అంతకంటే ముఖ్యం, అది పక్షుల అభయారణ్యం. ఆ పలచటి నీళ్లూ ఆ బురదా రాజహంసల మేత. అక్కడ చక్రాలకు పని లేదు.

చివరికి వాడికి నేను చెప్పిన తీర్పు ఇది. కంపెనీ సైజే, ఎల్‌టీ రకం, మధ్యలో గుబ్బలు దగ్గర దగ్గరగా, భుజాల దగ్గర తెరుచుకుని ఉన్న నెమ్మదైన ఆల్ టెరైన్. గుంటల ముఖం చూడకుండా రోజూ మద్రాసుకే తిరిగే పికప్‌లకైతే ఇది కూడా అక్కర్లేదు, మంచి హైవే టైరు చాలు. ఏది వేయించినా, గాలి గేజీ ఒకటి కొని బండిలో పెట్టుకోండి. తెల్లారి బండి తీయకముందే, టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడండి. స్టెప్నీని మరవకండి.