మార్లవాయి హైమెండార్ఫు: పరిశోధనమును ఆత్మకథయు

జైనూరు మండలములోని మార్లవాయి నేఁటి కొమురం భీం ఆసిఫాబాదు జిల్లాలో నొక చిన్న గోండు గ్రామము. అచ్చట రెండు సమాధులు ప్రక్కప్రక్కనే కలవు. ఒకటి 1987లో హైదరాబాదున మరణించిన ఎలిజబెత్తు అను ఆంగ్లవనితది. రెండవది ఆమె భర్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫుది. ఆతఁడు 1995 జూన్ 11వ తేదిని లండనులో మరణింపఁగా, 2012లో ఆతని చితాభస్మమును ఇచ్చటికిఁ దెచ్చి భార్య చెంత నుంచిరి. ప్రతివర్షమును జనవరిలో గోండులు వర్ధంతి జరుపుచున్నారు.

వియన్నాలోఁ బుట్టి లండనులో నాచార్యుఁడైనవానికి ఈ యడవిపల్లె స్వగ్రామ మెట్లయ్యెనో తెలిసికొనుటకు ఆతని గ్రంథములే యాధారము. అవి రెండు తెగలు. విద్వాంసులకై వ్రాసిన జాతిపరిశోధనములు మొదటి తెగ. ఉత్తమపురుషమునఁ గథవలె నడచు సంచారవృత్తాంతములును, వార్ధక్యమున వ్రాసిన ఆత్మకథయు రెండవ తెగ. ఆతఁడు కల్పితకథల జోలికిఁ బోలేదు. అయినను సన్నివేశమును నిలుపుటయందును, మనుష్యుల నడవడిని రెండు మాటలలోఁ జూపుటయందును గథకునకుండవలసిన నేర్పు ఆతనికిఁ గలదు. మొదటి తెగను ప్రమాణముగా గైకొని రెండవదానిని కాలక్షేపపుఁ జదువని త్రోసివేయుట తగదు. ఒకదానిలో దాఁగినది మఱియొకదానిలో బయటపడుచుండును.

ఆతఁడు 1909 జూన్ 22వ తేదిని వియన్నా నగరమున నొక ప్రభువంశమున జన్మించెను. ఆ నగర విశ్వవిద్యాలయమునందే హైనె గెల్డెర్ను మొదలగు వారికడ మానవజాతిశాస్త్రము నభ్యసించెను. అస్సాము కొండజాతుల సంఘవ్యవస్థపై సిద్ధాంతవ్యాసము వ్రాయునాఁటికి ఆ కొండల నాతఁడు కన్నులారఁ జూచియుండలేదు! పిదప రాక్‌ఫెల్లరు విద్యార్థివేతనముతో లండను చేరి మలినోవ్‌స్కీ గోష్ఠిలోఁ గూర్చుండెను. జనులతోఁ గలిసి నివసించి, వారి భాష నేర్చి, పిదపనే వారిఁ గూర్చి వ్రాయవలె ననునది ఆ గోష్ఠి మతము. వియన్నావారిది పుస్తకములనుండి జాతుల పూర్వచరిత్రను కూర్చు మార్గము. హైమెండార్ఫు గ్రంథములలో నీ రెండు మార్గములును గడవఱకుఁ బెనఁగొనియే యున్నవి.

1936–37లలో నాతఁడు నాగకొండలలోని కోన్యకుల నడుమ వాక్‌చింగు గ్రామమున నుండెను. మిల్సు అను ఆంగ్లాధికారి పాంగ్షా గ్రామముపై నడపిన దండయాత్రలోను గలిసి పోయెను. ఆ యనుభవముల ఫలము 1939లో వెలువడిన 'నగ్న నాగులు' అను గ్రంథము. యువకుని యుత్సాహమును, వింతను జూచిన కన్నుల మెఱుపును అందు మెండు. పరిపాలకుల వెంట నడచువాఁడు తన నిలుకడనుగూర్చి వేసికొనవలసిన ప్రశ్నలు మాత్రము తక్కువ. 1976లో మరల నాగుల దర్శించి తిరిగివచ్చిన వృత్తాంతమును వేఱు గ్రంథముగాఁ బ్రకటించెను.

1938లో ఎలిజబెత్తును వివాహమాడెను. ఆమె యాతనికి గృహిణి మాత్రమే కాదు, జీవితపర్యంతము పరిశోధనమున సహచారిణి. మఱుసటి యేఁడు దంపతులు హిందూదేశము చేరిరి. అంతలో ఐరోపా యుద్ధము వచ్చెను. ఆస్ట్రియా జర్మనీలోఁ గలిపివేయఁబడి యుండుటచే ఆతనిచేతనున్నది జర్మను ప్రయాణపత్రము. కావున బ్రిటిషువారి దృష్టిలో శత్రుదేశీయుఁ డయ్యెను. మిత్రులగు నుద్యోగుల ప్రాపున, చెఱసాలకు మాఱుగా నైజాము రాజ్యమును దాఁటి పోరాదను కట్టడి మాత్ర మేర్పడెను. నాగులకడకుఁ బోవఁగోరినవాఁడు దక్కను అడవులలోఁ జిక్కువడెను. తెలుఁగుదేశమునకు ఇది లాభమే యయ్యెను: నల్లమల చెంచులపై 1943లోను, గోదావరి గట్టుల కొండరెడ్లపై 1945లోను, ఆదిలాబాదు రాజగోండులపై 1948లోను వరుసగా మూఁడు గ్రంథములు వెలువడినవి.

ఆదిలాబాదున ఆతఁ డడుగిడునాఁటికి అచ్చటి యడవి యింకను వేఁడిగానే యుండెను. అడవులను కాపుదలలోఁ జేర్చు నెపమున గోండుల పంటచేలును ఇండ్లును పోవుచుండఁగా, బాబేఝరి పల్లెల పక్షమునఁ గొమురం భీము నిలిచెను. 1940లో జోడేఘాటున పోలీసుల కాల్పులలో నాతఁడును ఆతని యనుచరులును గూలిరి. తరువాత ప్రభుత్వము గోండుల కష్టముల నరయుటకు హైమెండార్ఫును నియమించెను. తిరుగుబాటునకు మూలము గోండుల క్రౌర్యము కాదు, భూమి పోవుటయే యని ఆతఁడు తేల్చెను. తన్ను పంపిన ప్రభుత్వముయొక్క అడవిశాఖనే తప్పుపట్టిన యీ నివేదికలు 1945లో 'గిరిజన హైదరాబాదు' అను పేరఁ బుస్తకరూపమున వచ్చినవి. బస్తరు మాడియా గోండులపై 1938లోనే గ్రంథము వ్రాసిన గ్రిగ్సను అప్పుడు హైదరాబాదు ప్రభుత్వమున నున్నతపదవిలో నుండుట యీ యదృష్టమునకు గొంత కారణము. భీము కథనే తరువాతఁ దెలుఁగున సాహు, అల్లం రాజయ్యలు నవలగా వ్రాసిరి. నివేదికలో భీముఁడు ఒక యన్యాయమునకు నిదర్శనము, నవలలో నాయకుఁడు. ఈ రెంటి నడుమ నెడమెంతయో చరిత్రకారుఁడు కొలిచి చూచుకొనవలెను.

మార్లవాయి ఈ కాలమునందే ఆ దంపతుల నివాసమయ్యెను. గ్రామపెద్ద లచ్చు పటేలు స్నేహమున, గోండు గుడిసెలవంటి యింట నుండి, ఆతఁడు గోండిని నేర్చెను. సాహిత్యపరిశోధకులకు ముఖ్యమైనది రాజగోండు గ్రంథములోని పురాణభాగము. గోండుల కులగాథలను గానము చేయువారు ప్రధానులు. వీరి యింటిభాష మరాఠీ. కాని కిక్రి యను తంత్రీవాద్యమును వాయించుచుఁ బాడునది గోండి. ఇట్లు ఒక జాతి పురాణము మఱియొక జాతి నోట నిలిచియుండుట గమనింపఁదగినది. పహండి కుపార లింగలుఁడు చెఱనుండి దేవతలను విడిపించుటయు, గోండులు నాలుగు, అయిదు, ఆఱు, ఏడు దేవతల కూటములుగా విడిపోవుటయు ఆ గాథల సారము. ఆ కూటముల పేరులు నల్వేను, సివేను, సర్వేను, యేర్వేను. నల్, యేర్ అను మొదటి పదములు మన నాలుగు, ఏడులకుఁ జుట్టములని వేఱుగాఁ జెప్పఁబనిలేదు. ఆఱునకు సకారాది రూపము గోండిలో నిలిచియుండుట ద్రావిడభాషల పోలికలు నెఱుఁగఁగోరువారికి మంచి సామగ్రి. హైమెండార్ఫు భాషాశాస్త్రజ్ఞుఁడు కాఁడు. ఆతని దృష్టి కర్మకాండపైననే. అయినను పాటలను గాయకుల నోటినుండి వ్రాసికొనుటచే, తన శాస్త్రము చేయలేని పనికిని సాధనము సమకూర్చి పెట్టెను.

1943లో గోండు విద్యాప్రణాళిక యారంభమై, ఉపాధ్యాయుల శిక్షణకు మార్లవాయియే కేంద్రమయ్యెను. మొదటి ఉపాధ్యాయులు మరాఠీ చదువు నెఱిఁగిన గోండు యువకులు; కావున గోండి వాచకములు దేవనాగరిలిపిలోఁ గూర్పఁబడినవి. తెలుఁగులిపిని గైకొనకుండుట దోషమని నేఁడు తోఁచవచ్చును. ఆనాఁడు చేతికందిన గురువులు చదువఁగల లిపి యదియే. బడి ముందు నడువవలెను గదా! 1956లో రాష్ట్రములు భాషానుసారముగా మాఱిన పిదప తెలుఁగు ప్రధానమై, గోండి వాచకములు వెనుకఁబడినవి. మాతృభాషలో నక్షరము దిద్దిన తరము వెంటనే మఱియొక తరము అట్లే రాలేకపోయెను. ఆ కాలమునందే పట్టాలిచ్చు పనియు సాగెను. 1945 మొదలు 1949 వఱకు హైమెండార్ఫు నైజాము ప్రభుత్వమునకు గిరిజన సలహాదారుగాను, ఉస్మానియా విశ్వవిద్యాలయమున నాచార్యుఁడుగాను ఉండెను. గిరిజన ప్రాంతముల నిబంధన 1356 ఫసలీలోఁ బుట్టెను. ఆతని పనిని కొనసాగించిన సేతుమాధవరావు పగడీయు గోండి నేర్చి గోండులపై గ్రంథము వ్రాసినవాఁడే.

నడుమ 1944–45లలో ఈశాన్యపు సరిహద్దున సుబన్‌సిరి ప్రాంతమునకుఁ బోయి అపతానీల నడుమ మెలఁగెను. ఆ కథ 1955 నాఁటి 'హిమాలయ బార్బరీ'లోఁ గలదు. 1949లో లండను ప్రాచ్యవిద్యాపీఠమునఁ జేరి, 1951లో నాచార్యుఁడై, 1976లో విరమించెను. నేపాళమునందలి షెర్పాలపై 1964లో వచ్చిన గ్రంథము ఆ దశకుఁ జెందినది.

విరమించిన పిదప ఆదిలాబాదునకు మరలి వచ్చుటతో ఆతని రచనకు మఱియొక స్వరము వచ్చెను. 1979లో 'ఆంధ్రప్రదేశ్ గోండులు', 1982లో 'భారత గిరిజనులు: బ్రతుకుకై పోరాటము' వెలువడెను. తాను దగ్గఱనుండి యిప్పించిన భూములు వడ్డీవ్యాపారుల పాలును, వలసవచ్చిన కాఁపుల పాలును అగుట ఆతఁడు చూచెను. భూమి కొనినవారిలోఁ దెలుఁగువారును గలరు. ఈ సంగతి తెలుఁగు చదువరి తప్పించుకొని పోఁదగినది కాదు. 1970 నాఁటి భూబదలాయింపు నిబంధన గిరిజనేతరులకు గిరిజనప్రాంతపు భూమి పోరాదని కట్టడి చేసినను, ఆచరణ వెనుకంజ వేయుచుండెను. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసుల కాల్పులకుఁ బలువురు గోండులు బలియైరి. పురాణములను సంగ్రహించిన యువకుఁడు వృద్ధాప్యమున నేలకొలఁతలను లెక్కించువాఁ డయ్యెను. పాండిత్యమున కిది తగ్గింపని తలఁచువా రుండవచ్చును. పాట పాడువానికి నేల లేకున్నచోఁ బాటయు నుండదని గ్రహించుట కాతనికి నలువదేండ్లు పట్టినది.

1990లో ఢిల్లీలోఁ బ్రకటింపఁబడిన ఆత్మకథకు 'భారత గిరిజనుల నడుమ జీవనము' అని పేరు. ఆ పేరిలోనే గ్రంథస్వభావ మున్నది: ముందు జాతులు, పిదప తాను. సామాన్య స్వీయచరిత్రములలో వలె గ్రంథకర్త యంతరంగము నిందు వెదకువానికిఁ గొఱఁత తోఁచును. దానికి మాఱుగా, పరిశోధనగ్రంథములు చెప్పక విడిచిన సంగతులు దొరకును: ఎవరి పరిచయము ఏ దారి తెఱచెనో, ఏ యుద్యోగి యండ నిచ్చెనో. లచ్చు పటేలువంటివారు సమాచారము చెప్పినవారుగాఁ గాక స్నేహితులుగాఁ గనఁబడుట యిందే. ఆతఁడు తీసిన ఛాయాపటములును చలనచిత్రములును లండను విద్యాపీఠపు భాండారమున భద్రముగా నున్నవి. మార్లవాయి గుస్సాడి నర్తకుఁడు కనక రాజునకు 2021లో పద్మశ్రీ వచ్చెను; నేఁటి దండారి యాటను ఆనాఁటి చిత్రములతోను, ప్రధానుల నేఁటి గానమును ఆనాఁటి లిఖితపాఠములతోను సరిపోల్చి చూడఁదగును.