ఇంటనే వాము అర్కము

అర్కమనగానే సారాబట్టి జ్ఞప్తికి వచ్చి గృహిణులు జంకుదురు. ఇంట మద్యము దింపుట నేరమే. కాని ఈ అర్కమునకు నీరే ఆధారము.

100 గ్రాముల వామును కచ్చాపచ్చాగా దంచి, లీటరు నీట రాత్రంతా నానబెట్టుడు. ఉదయమున లోతైన స్టీలుగిన్నెలో పోసి, నడుమ ఎత్తైన స్టాండుపై, నీటికి పైగా, చిన్న గిన్నె నుంచి, గుబ్బమూతను తలక్రిందులుగా మూయుడు. మూతపై చన్నీరు పోసి, వేడెక్కినప్పుడెల్ల మార్చుచుండుడు. సన్నని సెగపై వాములోని సుగంధతైలము ఆవిరితో లేచి, చల్లని మూతకు తాకి, బొట్లుబొట్లుగా గిన్నెలో పడును. గిన్నె నిండకముందే తీయుడు.

ఆశపడి నీరింకువరకు కాచరాదు. అడుగంటినచో మాడువాసన అర్కమంతటికీ పట్టును. సగము నీరుండగనే పొయ్యి ఆర్పుడు. గాజుసీసాలో పోసి, ఫ్రిజ్‌లో నుంచి, వారములోపల వాడుడు.

భోజనానంతరము కడుపుబ్బరమునకు పెద్దలు రెండు చెంచాలు నీటితో పుచ్చుకొనవచ్చును. గర్భిణులకు, చంటిబిడ్డలకు వైద్యుని అడుగక ఈయరాదు.